మైదానం ఎవరిది? – ముంబై, నాగపూర్ నగరాలు చెప్పే క్రీడాసేవా చరిత్ర

ఒక పాఠశాల చరిత్ర వ్రాసేటప్పుడు భవనాలను గురించి, ఉపాధ్యాయులను గురించి, పరీక్షా ఫలితాలను గురించి వివరంగా వ్రాయడం పరిపాటి. ఆటస్థలం ప్రస్తావన మాత్రం సాధారణంగా ఒక్క వాక్యంతో ముగుస్తుంది. అయితే చదివిన పాఠాలలో సగం మరచిపోయిన పూర్వ విద్యార్థి కూడా తాను పరుగులెత్తిన నేలను మరచిపోడు. మోకాలిపై మిగిలిన చిన్న మచ్చ సైతం అతనికి ఆనాటి మిత్రుల పేర్లను గుర్తుచేస్తుంది.

ఈ దేశంలో ఆటస్థలానికి కూడా ఒక చరిత్ర ఉంది. లోపల ఎవరు ఆడారు, కంచెకు బయట ఎవరు నిలబడి చూశారు, ఆ కంచెను ఎవరు ఎప్పుడు తొలగించారు అన్నదే ఆ చరిత్ర. దానిని తెలుసుకోవడానికి మహారాష్ట్రలోని రెండు నగరాలు చక్కని ఆధారాలు. ఒకటి ముంబై, రెండవది నాగపూర్. తరతరాలుగా తెలుగువారు స్థిరపడిన ఈ రెండు నగరాలలోనే, పేద పిల్లలకు ఆటను అందించాలన్న స్వచ్ఛంద కృషి కొత్త రూపు దిద్దుకోవడం విశేషం.

కంచెకు ఇవతల, అవతల

బొంబాయి జింఖానా 1875లో ఐరోపావారి కోసం ఏర్పడింది. నగరం నడుమ ఉన్న విశాలమైన మైదానంలో ఒక భాగం దాని అధీనంలోకి వెళ్లింది. 1848 నాటికే క్రికెట్ సంఘాన్ని స్థాపించుకున్న పార్సీ యువకులు మిగిలిన నేలమీద ఆడుకునేవారు. ఆ నేలపైన కూడా దొరల పోలో గుర్రాలు దౌడు తీసి గడ్డను గుల్ల చేస్తుంటే వారు ప్రభుత్వానికి అర్జీలు పెట్టుకున్నారు. ప్రజలందరికీ చెందిన మైదానాన్ని కొద్దిమంది వినోదానికి విడిచిపెట్టడం న్యాయమా అన్నది వారి ప్రశ్న. ఆటస్థలం కోసం భారతీయులు చేసిన తొలి పోరాటాలలో దీనిని ఒకటిగా చెప్పుకోవచ్చు. అటుపిమ్మట పార్సీలు, హిందువులు, ముస్లిములు ఎవరి జింఖానాను వారు సముద్రతీరాన ఏర్పరచుకున్నారు.

ఆ జింఖానాలు కలవారివి, చదువుకున్నవారివి. అంతకంటె దిగువన ఉన్నవారికి మైదానంలో ప్రవేశం పనివారిగా మాత్రమే లభించేది. పల్వంకర్ బాలూ జీవితమే దీనికి నిదర్శనం. 1876లో చర్మకార కుటుంబంలో జన్మించిన బాలూ పూనాలోని ఐరోపావారి క్లబ్బులో మైదానం చదును చేసే పనికి కుదిరాడు. అభ్యాసం చేసే దొరలకు బంతులు వేస్తూ వేస్తూ గొప్ప స్పిన్ బౌలర్‌గా ఎదిగాడు. 1906లో హిందువుల జట్టు బొంబాయిలో ఐరోపావారిని ఓడించిన పోటీలో అతడు ముఖ్య పాత్ర వహించాడు. 1911లో ఇంగ్లండు పర్యటనకు వెళ్లిన భారత జట్టు తరఫున 114 వికెట్లు తీశాడు. ఇంతటి వాడికీ ఆట మధ్య విరామంలో తేనీరు విడిగా మట్టి పాత్రలోనే ఇచ్చేవారు. హిందూ జట్టు నాయకత్వం అతనికి ఏనాడూ దక్కలేదు. 1923లో అతని తమ్ముడు విఠల్‌కు ఆ గౌరవం లభించింది. మైదానం లోపలికి అడుగు పెట్టినంత మాత్రాన సమానత్వం సిద్ధించదన్న సత్యాన్ని బాలూ చరిత్ర చెబుతుంది.

నాగపూర్ తెలుగు బిడ్డ

ఆ కాలంలోనే నాగపూర్‌లో మరో క్రీడాకారుడు ఎదిగాడు. 1895లో ఆ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించిన కొఠారి కనకయ్య నాయుడు, క్రికెట్ లోకానికి సి.కె.నాయుడుగా సుపరిచితుడు. ఆయన తాత నారాయణస్వామి నాయుడు నాగపూర్‌లో పేరున్న న్యాయవాది. 1926లో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో నాయుడు 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లున్నాయి. 1932లో లార్డ్స్‌లో జరిగిన భారతదేశపు మొదటి టెస్టుకు ఆయనే నాయకుడు. 1933 డిసెంబరులో భారత గడ్డపై జరిగిన తొలి టెస్టుకు కూడా ఆయనే సారథ్యం వహించాడు. ఆ టెస్టు జరిగింది బొంబాయి జింఖానాలోనే. భారతీయులకు సభ్యత్వమివ్వని సంస్థ మైదానంలో, తెలుగు మాతృభాషగా గల నాయకుని వెంట భారత జట్టు నడిచి వెళ్లడం చరిత్రలోని ఒక విచిత్రం.

నాయుడు ప్రతిభ సాటిలేనిది. అయినా ఆయనకు విద్యావంతులైన కుటుంబం అండగా నిలిచింది, తరువాత ఇండోరు హోల్కర్ మహారాజు ఆదరణ లభించింది. ఆనాటి క్రీడాకారునికి కలిగిన ఇల్లైనా ఉండాలి, రాజాశ్రయమైనా ఉండాలి. ఈ రెండూ లేని లక్షలాది పిల్లల సంగతి ఏమిటన్న ప్రశ్నకు సమాధానం జింఖానాలలో దొరకలేదు.

వ్యాయామ విద్యకు వేసిన బాట

ఆ సమాధానం కోసం ప్రయత్నించినవారు లేకపోలేదు. నాగపూర్‌కు పడమటి దిక్కున ఉన్న అమరావతిలో వైద్య సోదరులు 1914లో హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలిని స్థాపించారు. తాలింఖానాల దేహసాధనను, మల్లఖంబాన్ని, మనం చెడుగుడు అని పిలుచుకునే కబడ్డీని క్రమశిక్షణతో నేర్పడం దాని లక్ష్యం. ఖరీదైన పరికరాలు అవసరం లేని ఆటలివి. కబడ్డీకి కావలసినవి మెత్తని నేల, ఆడేవారి ఊపిరి మాత్రమే. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సందర్భంగా ఈ మండలి బృందం అక్కడికి వెళ్లి భారతీయ క్రీడలను ప్రదర్శించి ప్రశంసలందుకుంది.

దక్షిణాదిన మద్రాసులో మరొక ప్రయత్నం జరిగింది. వై.ఎం.సి.ఎ. తరఫున అమెరికా నుండి వచ్చిన హ్యారీ క్రో బక్, 1920లో అక్కడ వ్యాయామోపాధ్యాయుల శిక్షణ పాఠశాలను ప్రారంభించాడు. ఆటగాళ్లను తయారుచేయడం కంటె ఆట నేర్పేవారిని తయారుచేయడమే మేలని ఆయన గ్రహించాడు. ఒక మంచి ఆటగాడు పతకం తెస్తాడు. ఒక మంచి వ్యాయామోపాధ్యాయుడు ఏటా వందలమంది పిల్లలను మైదానంలోకి తెస్తాడు. ఆంధ్ర జిల్లాలు అప్పటి మద్రాసు రాజధానిలో భాగం కావడం వల్ల ఈ కృషి ఫలితం తెలుగునాటి పాఠశాలలకు కూడా అందింది.

1891లో పుట్టిన బాస్కెట్‌బాల్, 1895లో పుట్టిన వాలీబాల్ రెండూ అమెరికాలోని వై.ఎం.సి.ఎ. వ్యాయామశాలల నుండి వెలువడినవే. చిన్న స్థలంలో ఎక్కువమంది ఆడగలగడం వీటి సుగుణం. రెండు గుంజలు, ఒక వల, ఒక బంతి ఉంటే వాలీబాల్ సాగుతుంది. పేద పాఠశాలల ఆవరణలలో ఈ ఆట అంతగా వేళ్లూనడానికి కారణమిదే.

మిల్లుల నీడలో

స్వాతంత్ర్యానంతరం బొంబాయి జనాభా ఎన్నో రెట్లు పెరిగింది. తెలంగాణ పల్లెల నుండి వలస వెళ్లిన పద్మశాలీలు బట్టల మిల్లులలో చేరారు. వారికంటె ఎంతో ముందే భవన నిర్మాణ కూలీలుగా వెళ్లిన కామాఠీల పేరు మీదుగా కామాఠీపుర అన్న పేట వెలసింది. ఒక్క గది ఇళ్ల చాళ్లలో నివసించే ఈ కుటుంబాల పిల్లలకు వీధే ఆటస్థలం. దాదరులో తెలుగువారు నిలబెట్టుకున్న సంస్థ పేరు ‘ఆంధ్ర మహాసభ అండ్ జింఖానా’ కావడం ఇక్కడ గమనార్హం. భాషకు, కళలకు ఒక నెలవు కావాలనుకున్నవారు ఆటకూ ఒక నెలవు కావాలని అనుకున్నారన్న మాట.

1982లో ఆరంభమైన మిల్లు కార్మికుల సమ్మె తరువాత ఒక్కొక్క మిల్లే మూతపడింది. ఆ మిల్లుల క్రింద ఉన్న వందలాది ఎకరాల నేల ఏమి కావాలన్నది పెద్ద ప్రశ్న అయింది. 1991 నాటి నగరాభివృద్ధి నిబంధనలు ఆ భూమిని ఇంచుమించు మూడు సమాన భాగాలుగా విభజించి, ఒక భాగాన్ని ప్రజల బహిరంగ స్థలాలకు, మరొక భాగాన్ని సామాన్యుల గృహవసతికి, మిగిలినదానిని యజమానులకు కేటాయించాయి. 2001లో ఆ నిబంధనను మార్చి, మిల్లులో కట్టడాలు లేని ఖాళీ స్థలానికి మాత్రమే ఈ విభజన వర్తిస్తుందన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. తత్ఫలితంగా పిల్లల ఆటకు దక్కవలసిన నేలలో అధికభాగం దుకాణ సముదాయాలకు, కార్యాలయాల మేడలకు దక్కింది. తండ్రులు మగ్గాల దగ్గర చెమటోడ్చిన చోట బిడ్డలకు బంతి ఆడుకునే జాగా లేకపోయింది.

బస్సెక్కిన బాల్యం

ఈ పరిస్థితులలోనే 1999లో ముంబైలో ‘మ్యాజిక్ బస్’ సంస్థ అవతరించింది. మాథ్యూ స్పేసీ అనే ఆంగ్లేయుడు అప్పట్లో ఒక పర్యాటక సంస్థలో ఉన్నతోద్యోగి, రగ్బీ ఆటగాడు. ఆయన బొంబాయి జింఖానాలో అభ్యాసం చేస్తుండగా ఎదుటి కాలిబాటపై నివసించే పిల్లలు కంచెకు అవతల నిలబడి ఆసక్తిగా చూసేవారు. ఆయన వారిని లోపలికి పిలిచి ఆటలో చేర్చుకున్నాడు. 1933లో ఏ మైదానం భారతీయులకు సభ్యత్వం నిరాకరించిన సంస్థదై ఉండెనో, అదే మైదానంలో శతాబ్దం ముగిసే వేళకు కాలిబాట పిల్లలు బంతి పట్టుకున్నారు.

పిల్లలను వారాంతాలలో బస్సులో నగరం దాటించి, కొండల మధ్యకు, పచ్చిక బయళ్లకు తీసుకువెళ్లడంతో సంస్థకు ఆ పేరు వచ్చింది. కొంతకాలానికి ఒక సంగతి బోధపడింది. ఒక్కరోజు విహారం ఆనందాన్నిస్తుంది గాని జీవితాన్ని మార్చదు. అందువల్ల ఏడాది పొడవునా వారం వారం సాగే కార్యక్రమాన్ని రూపొందించారు. ప్రతి ఆటలోనూ ఆరోగ్యం, బడి మానకపోవడం, ఆడపిల్లల సమానత్వం వంటి ఒక పాఠాన్ని ఇమిడ్చారు. శిక్షకులను బయటినుండి తేకుండా అదే బస్తీ యువతీయువకులకు తర్ఫీదునిచ్చి నియమించారు. ఆట నేర్పేవారిని తయారుచేయడమే మేలన్న 1920 నాటి ఆలోచన ఈ విధంగా మళ్లీ చిగిర్చింది.

పగిలిన బకెట్ నుండి ప్రపంచ కప్పు దాకా

సి.కె.నాయుడు పుట్టిన నాగపూర్‌లో విజయ్ బార్సే అనే వ్యాయామ అధ్యాపకుడు హిస్లాప్ కళాశాలలో పనిచేసేవాడు. ఒక వర్షపు రోజున మురికివాడ పిల్లలు పగిలిన బకెట్‌ను బంతిగా చేసుకుని తన్నుకుంటూ ఆడటం ఆయన కంటపడింది. అంతసేపూ ఆ పిల్లలు లోకాన్ని మరచి ఆనందంగా ఉండటం ఆయన మనస్సును కదిలించింది. వారికి ఒక ఫుట్‌బాల్ ఇచ్చాడు. 2001లో మురికివాడల జట్లకు ప్రత్యేకంగా పోటీలు నిర్వహించాడు. ‘ఝోపడ్‌పట్టీ ఫుట్‌బాల్’గా మొదలైన ఈ ప్రయత్నం నాగపూర్‌లోని క్రీడా వికాస సంస్థ ద్వారా ‘స్లమ్ సాకర్’ అనే ఉద్యమంగా విస్తరించింది.

ఫుట్‌బాల్‌నే ఎన్నుకోవడంలో లోతైన వివేచన ఉంది. క్రికెట్ జట్టు కిట్టు ఖరీదు పేద కుటుంబాలకు అందనిది. ఫుట్‌బాల్‌లో ఒక్క బంతితో ఇరవైమంది ఆడవచ్చు. ఐదు నిమిషాలకొకసారి వంతు కోసం ఎదురుచూడనవసరం లేదు. అందరూ ఏకకాలంలో ఆటలో ఉంటారు. జాగా చాలకపోతే నలుగురేసి చొప్పున ఆడుకోవచ్చు. ఇల్లులేని వారి కోసం 2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మొదలైన ‘హోమ్‌లెస్ వరల్డ్ కప్’ సరిగ్గా ఈ నలుగురేసి ఆటగాళ్ల పద్ధతినే అనుసరిస్తుంది. స్లమ్ సాకర్ పక్షాన భారతదేశపు జట్లు అందులో పాల్గొన్నాయి. వీధి చివర దాటి ఎరుగని పిల్లలు విదేశంలో జాతీయ పతాకం వెంట నడిచారు.

2016లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఈ సంస్థకు వైవిధ్య పురస్కారాన్ని ప్రదానం చేసింది. బార్సే జీవితం ఆధారంగా 2022లో ‘ఝుండ్’ అనే హిందీ చలనచిత్రం వెలువడింది. వీటన్నిటికీ మూలం ఒక ఉపాధ్యాయుడు దారిలో ఆగి చూడటమే. ఆ వర్షంలో ఎందరో ఆ బాట వెంట నడిచిపోయి ఉంటారు. ఆయన ఒక్కడే ఆగాడు.

ఆడపిల్ల పాదం మోపిన చోట

ఈ చరిత్రలో ఇంతవరకు ప్రస్తావనకు వచ్చిన మైదానాలు చాలాకాలం మగపిల్లలవే. పేదరికం మగపిల్లవానికి ఒక కంచె అయితే ఆడపిల్లకు రెండు కంచెలు. ఇంటిపని, చిన్న తమ్ముళ్ల పోషణ, నలుగురూ ఏమంటారో అన్న భయం, బాల్యవివాహం ఆమెను మైదానానికి దూరం చేస్తాయి. 2009లో జార్ఖండ్ రాజధాని రాంచీకి సమీప గ్రామాలలో ప్రారంభమైన ‘యువ’ అనే సంస్థ ఈ రెండవ కంచెనే లక్ష్యంగా ఎన్నుకుంది. ఆదివాసీ, రైతుకూలీ కుటుంబాల బాలికలకు ఫుట్‌బాల్ నేర్పింది. 2013లో ఆ బాలికలు స్పెయిన్‌లో ఒక అంతర్జాతీయ బాలల టోర్నమెంటులో తృతీయ స్థానం పొందారు. పతకం వచ్చాక కూడా తగిన బడి లేని పిల్లల భవిష్యత్తు మారదని గ్రహించి 2015లో వారికోసం ఒక పాఠశాలను నెలకొల్పారు. 2019లో ఈ సంస్థకు లారియస్ క్రీడాసేవా పురస్కారం లభించింది. మైదానం నుండి బడికి బాట వేసిన అపురూపమైన ఉదాహరణ ఇది.

తెలుగునాట అనంతపురంలో కూడా ఇటువంటి కృషి జరిగింది. స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆ కరవు జిల్లాకు వచ్చి గ్రామీణాభివృద్ధి ట్రస్టును నిర్మించాడు. బావులు, బడులు, వైద్యశాలలతో పాటు ఆ సంస్థ క్రీడాగ్రామాన్ని కూడా అభివృద్ధి చేసింది. 2010లో అక్కడే సుప్రసిద్ధ టెన్నిస్ క్రీడాకారుడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ తోడ్పాటుతో టెన్నిస్ పాఠశాల వెలసింది. పట్టణాలలో సంపన్నుల పిల్లలకే పరిమితమైన ఆటను పల్లె పిల్లలు ఆంగ్ల భాష, కంప్యూటరు పాఠాలతో కలిపి నేర్చుకోగలిగారు. 2024లో దులీప్ ట్రోఫీ పోటీలకు ఆ క్రీడాగ్రామపు క్రికెట్ మైదానం వేదిక అయింది.

సేవకు హద్దులు, హక్కుకు అవసరం

ఈ స్వచ్ఛంద కృషి ఎంత శ్లాఘనీయమో దాని పరిమితులను గుర్తించడం కూడా అంతే అవసరం. దాతలపై ఆధారపడిన కార్యక్రమం దాత మనసు మారితే ఆగిపోవచ్చు. ఒక సంస్థ ఒక బస్తీకి చేరితే పక్క బస్తీకి చేరకపోవచ్చు. పురస్కారం పొందిన ఒక్క బాలుని ఛాయాచిత్రం పత్రికలో వస్తుంది. ఏ పతకమూ పొందకపోయినా ఆట వల్ల బడి మానని నూరుమంది పిల్లలు ఏ పత్రికలోనూ కనిపించరు. నిజమైన ఫలితం ఆ నూరుమందిలోనే ఉంది. ప్రతిభను ఏరడం ఒక పని, అందరినీ ఆడించడం మరొక పని. మొదటిదానికి మెచ్చుకునేవారు ఎక్కువ, రెండవదానికి ఓపిక ఉన్నవారు తక్కువ.

అన్నిటికంటె ముఖ్యమైన పరిమితి నేల. ఎంత మంచి సంస్థ అయినా శిక్షకుని ఇవ్వగలదు, బంతిని ఇవ్వగలదు. నగరం నడుమ మైదానాన్ని సృష్టించలేదు. మిల్లు భూముల ఉదంతం ఈ విషయాన్నే రుజువు చేసింది. అందుచేతనే లోకం క్రమంగా దయ నుండి హక్కు వైపు నడిచింది. 1978లో యునెస్కో శారీరక విద్యను, క్రీడలను అందరి ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను బాలల హక్కుగా పేర్కొన్నది. భారతదేశం 1992లో దానిని అంగీకరించింది. 2009 విద్యాహక్కు చట్టం పాఠశాలకు ఉండవలసిన వసతులలో ఆటస్థలాన్ని, ఆట సామగ్రిని చేర్చింది. చట్టం కాగితంపై ఉన్నంత స్పష్టంగా మన ఊళ్లలో ఆటస్థలాలు లేవన్నది తల్లిదండ్రులందరికీ తెలిసిన విషయమే.

ఇటువంటి తరుణంలో ప్రతి పాఠశాల ఆవరణకూ ఒక విలువ ఉంది. పరీక్షలు దగ్గరపడగానే మొదట రద్దయ్యేది ఆటల పీరియడే. కొత్త గదులు కావలసినప్పుడు మొదట కొలతలు వేసేది ఆటస్థలంలోనే. ఎవరి దురుద్దేశమూ లేకుండానే అడుగు తరువాత అడుగుగా మైదానం కరిగిపోతుంది. పరాయి రాష్ట్రంలో మాతృభాషలో చదువుకునే పిల్లల్లో పెక్కుమంది శ్రామిక కుటుంబాలవారు. ఖరీదైన క్లబ్బు వారికి లేదు, ఇంటి ముంగిట ఖాళీ జాగా లేదు. వారికి ఉన్న ఒకే ఒక జింఖానా బడి ఆవరణ.

ప్లాటినం జూబ్లీ జరుపుకునే విద్యాలయానికి పూర్వ విద్యార్థులు ఎన్నో కానుకలు తెస్తారు. శిలాఫలకంపై పేరు చెక్కించుకునే గదులు వాటిలో కొన్ని. వాటితో పాటు పది ఫుట్‌బాళ్లు, ఒక వాలీబాల్ వల, బడి అయ్యాక ఒక గంట నిలిచి ఆడించే పెద్దమనసు కూడా కానుకలే. ఉన్న ఆటస్థలంలో ఒక్క గజమైనా తగ్గకుండా కాపాడటం అన్నిటికంటె పెద్ద కానుక. బాలూ చదును చేసిన నేలపై అతనికి సమాన స్థానం దక్కడానికి ఒక తరం పట్టింది. కాలిబాట పిల్లలను కంచె లోపలికి పిలవడానికి ఒక శతాబ్దం పట్టింది. సాయంత్రం గంట మోగాక బడి గేటు తెరిచి ఉంచడానికి అంతకాలం పట్టనవసరం లేదు.